గడప లోపల అక్షౌహిణి

మా అత్తగారిది ఒకటే మాట. భారతంలో యుద్ధం గుడిలో వినాలి, గడప లోపల చదవకూడదు, చదివితే ఆ ఇంట్లో అన్నదమ్ములు కలబడతారు అనేది. ఎనభైల్లో ఒక మిరపకోతల కాలంలో ఆ మాట దాటింది నేనే.

నా చదువు మూడో తరగతితో సరి. "అక్షౌహిణి అంటే ఏంటి నాయనమ్మా?" అని మనవరాలు అడిగితే చెప్పలేకపోయాను. వసారాలో తాలు మిరపకాయలు ఏరుతున్నాను. అంతలో గుడి పంతులుగారు వస్తే ఆయన్నే కూర్చోబెట్టి అడిగాను. అర్థం చెప్పించుకుంటే చదివినట్టు కాదుగదా అనుకున్నాను.

"అక్షమంటే ఇరుసమ్మా. ఇరుసు మీద నడిచే రథాల గుంపు గనక ఆ పేరు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు బంట్లు, ఇది మొదటి దళం. దాన్ని ఏడుసార్లు మూడింతలు చేసుకుంటూ పోయి, ఆఖర్న పదింతలు చేస్తే ఒక అక్షౌహిణి."

"అంతమందికీ వండి పెట్టిందెవరండీ? గిన్నెలు తోమిందెవరు?"

ఆయన నవ్వారు. "తిన్నవాళ్ళలో రెండు వైపులా కలిపి మిగిలింది పదిమందేనమ్మా."

పిల్లకు తెలియాలని అక్షౌహిణికొక కుప్ప చొప్పున తాలుకాయలు పోశాను. కౌరవులకు పదకొండు, పాండవులకు ఏడు. పోశాక గానీ నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. బావి నీళ్ళ వంతు దగ్గర చెడి, నా కొడుకులిద్దరూ నెల రోజులుగా మాట్లాడుకోవడం లేదు. వాళ్ళుండే ఇంట్లోనే రెండు సేనలనూ ఎదురెదురుగా నిలబెట్టాను.

అప్పుడే చిన్నకోడలు రొప్పుతూ వచ్చింది.

"అత్తయ్యా! బావగారు గడ్డపార పట్టుకుని బావి కాడికి పోయారు. ఈయన అక్కడే ఉన్నారు!"

చెప్పులైనా లేకుండా నల్లరేగడిలో పరుగెత్తాను. దారి పొడుగునా పదిమందే, పదిమందే అని చెవిలో మోగుతూనే ఉంది.

పెద్దాడు గడ్డపార ఎత్తి ఉన్నాడు. చిన్నాడు నీళ్ళు తోడే ఇంజనుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏరా, నీ అబ్బ సొత్తా నీళ్ళు?"

"మనిద్దరి అబ్బా ఒకడేలే. కొట్టు, చూద్దాం!"

"ఒరేయ్, ముందు నన్ను కొట్టండ్రా!" అని మధ్యలో పడ్డాను. గడ్డపార నా పాదానికి జానెడు దూరంలో దిగబడింది.

ఆ రోజు ఎవరి చేనుకూ నీళ్ళు పారలేదు. బావికి అటొకడు, ఇటొకడు కూర్చున్నారు. లేచి ఇంటికి పొమ్మంటే ఇద్దరూ కదల్లేదు. నేను లేస్తే ఏమవుతుందోనని చీకటి పడిందాకా నేనూ లేవలేదు.