మూడు డబ్బాల ఇల్లు

పోయిన వారం మా మనవరాలు ఐదో నెల కడుపుతో నాలుగు రోజులు నా దగ్గర ఉండి పోదామని వచ్చింది. వచ్చిన దగ్గర్నించీ చేతిలోంచి ఫోను దించితే ఒట్టు. ఇంటి అద్దె ఇంత, పాలవాడికి ఇంత, గ్యాసుకి ఇంత అని ప్రతిదీ అందులో ఎక్కించడం, అది టక్కున రెండుగా చీల్చి మొగుడి సగం మొగుడికీ పెళ్ళాం సగం పెళ్ళానికీ చూపించడం. ఒంట్లో బాగుండక రెండు నెలలుగా జీతం లేని సెలవులో ఉందట, అయినా తన సగం తను దాచుకున్నదాంట్లోంచి కడుతూనే ఉందట. ఆ మాట వినగానే వలుస్తున్న చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. సగం సగమంటే న్యాయమేగా అవ్వా, అని నవ్వింది పిచ్చిపిల్ల. న్యాయమేనమ్మా, ఆ న్యాయం ఎక్కడిదాకా తీసుకుపోతుందో కళ్ళారా చూసినదాన్ని నేను. ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇక్కడ చెబుతున్నాను.

మాది సీతారామపురం దాపున మెట్ట పల్లె. వాన పడితే సజ్జలు, పడకపోతే దేవుడు. నాయన మంచివాడే గానీ డబ్బులు మాత్రం మొలకి కట్టుకుని తిరిగేవాడు, అమ్మ సూదీ దారం కొనాలన్నా ఆయన ముందు నిలబడి, ఎందుకు, ఎంత, మొన్నటిది ఏమైంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి గానీ అణా తీసుకునేది కాదు. మా అక్క అది చూస్తూ పెరిగింది. మిషను వాళ్ళ పుణ్యాన నాలుగు అక్షరాలు నేర్చి, ట్రైనింగయి, ఆత్మకూరు పక్కన చెరువు కింద పాలెంలో చిన్న బడికి టీచరమ్మ అయింది. ఆత్మకూరులోనే పెద్ద బడిలో పాఠాలు చెప్పే మర్రిపాడు వైపు అబ్బాయిని చేసుకునేటప్పుడు, ఇంటి ఖర్చులో సగం నాది, ఒకరి ముందు చెయ్యి చాచను అని పెళ్ళికి ముందే ఖరాఖండీగా చెప్పేసిందట. బావ సంతోషంగా ఒప్పుకున్నాడు. అంటే ఆ ముడి వేసింది మా అక్కే, ఇది మీరు మరిచిపోకండి.

నేను ఫోర్త్ ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, చేరడానికి ఉదయగిరి మీదుగా బస్సులో ఆత్మకూరు వచ్చి, వాళ్ళింట్లో దిగాను. ఉదయగిరి కొండ కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఇంట్లోకి అడుగుపెడితే గూట్లో వరసగా మూడు రేకు డబ్బాలు కనపడ్డాయి. ఒకటి బావది, ఒకటి అక్కది, మధ్యది ఇంటిది. జీతాలొచ్చిన రోజు ఇద్దరూ సరిసమానంగా ఇంటి డబ్బాలో వేసేవాళ్ళు. ఆ పక్కనే పొడుగు నోటుబుక్కు, అందులో ఎడమ పేజీ బావది, కుడి పేజీ అక్కది. మర్రిపాడు నుంచి చుట్టాలొస్తే వాళ్ళ తిండి ఎడమ పేజీలో, మావాళ్ళొస్తే కుడి పేజీలో. బడికి కట్టుకెళ్ళే క్యారియరు కూడా ఎవరిది వాళ్ళ పేజీలోనే. శనివారం పొద్దున వసారాలో చాప వేసుకుని ఇద్దరూ లెక్క చూసి సంతకాలు పెట్టేవాళ్ళు. మరో కట్టుబాటు కూడా ఉండేది, ఒకరి డబ్బాలోకి ఇంకొకరు తొంగి చూడకూడదు, అందులో ఎంతుందని అడగకూడదు. అది మర్యాద. చర్చి సంఘంలో పెద్దలు సైతం, మొగుడూ పెళ్ళాలంటే వీళ్ళలాగా ఉండాలని చెప్పుకునేవాళ్ళు.

ఒకటే తిరకాసు. బావ చదివింది పెద్ద గ్రేడు ట్రైనింగు, అక్కది చిన్న గ్రేడు. ఆయన జీతంలో సగం కూడా ఉండేది కాదు ఆమెది. తన వంతు వేశాక కూడా ఆయన సొంత డబ్బా బరువుగానే ఉండేది. అక్క వేశాక ఆమె డబ్బా ఊపితే గలగలమనేది, అంతే. ఇద్దరూ వేసింది ఒకటే కదా, ఇంక తేడా ఏముందని అందరూ అనుకున్నారు. లెక్కల్లో మంచి మార్కులొచ్చే నేనూ అలాగే అనుకున్నాను.

రెండో ఏడు అక్క నీళ్ళోసుకుంది. కడుపు పెరుగుతున్న కొద్దీ మనిషి మాత్రం తరిగిపోతూ వచ్చింది. మెడ ఎముకలు తేలాయి, రవికలు వదులయ్యాయి, గోళ్ళు సున్నం రంగుకి తిరిగాయి. వేవిళ్ళు అనేది. పొద్దున క్యారియరు ఎందుకు కట్టుకోలేదక్కా అంటే పాలెంలో ఎవరో ఒకరు పెడతారులే అనేది. చెవులకి కమ్మలు కనపడకపోతే బావ ఒకసారి అడిగాడు, మర వదులైంది, దాచిపెట్టానంది. ఆయన సరేనని ఊరుకున్నాడు. దాచింది ఆమె డబ్బాలో కదా, అడగడం మర్యాద కాదు.

ఒక ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వస్తుంటే పాలెంలో చేపలమ్మే ముసలామె దారికి అడ్డంగా నిలబడి నన్ను నిలదీసింది. “మీ అక్క మద్యానం ఏమీ తినదేందమ్మే? చెంబెడు నీళ్ళు తాగి బడి అరుగు మీద పడుకోనుంటాది. మేం ముద్ద పెడితే, నీకు బాకీ పడతానమ్మా అంటాది. వట్టి మనిషి గాదే, ఏందిది?” అంది. ఇంటికొచ్చి అక్కని అడిగితే తను ముందు నవ్వింది, తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. “నాయనకి తెలిసిందంటే నిన్ను ఊరికి పిలిపించేస్తాడు, నీ చదువు ఆడితో సరి. పరీక్షలు అయిందాకా నోరు మూసుకోనుండు” అంది. ఒంట్లో బాగుండక నాగా పెట్టిన రోజులకి జీతం కోసేస్తున్నారని, ఇంటి డబ్బాలో వేసే సగం మాత్రం తగ్గలేదని అప్పుడే తెలిసింది నాకు. బావతో ఒక్క మాట చెప్పి ఉంటే చాలు, ఆయన కసాయివాడేం కాదు. చెప్పలేదు. నాకు నా చదువు ముఖ్యమైంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్క కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఈ పిల్లకి ఇంట్లో తిండి లేదా అని కసిరింది. మా ఇంట్లో ఏ లోటూ లేదమ్మా, అన్నాడు బావ. అబద్ధం కాదు. కుండలో బియ్యం ఉన్నాయి, ఇంటి డబ్బాలో డబ్బులూ ఉన్నాయి. బిడ్డ పుట్టిన పూటే పోయింది. మూడో రోజు మధ్యాహ్నం అక్క పోయింది.

ఖననం అయిన రెండు వారాలకి బావ మా పల్లెకి వచ్చాడు, చంకలో ఆ నోటుబుక్కు, చేతిలో అక్క డబ్బా. అప్పటికీ మూత తియ్యలేదాయన. నాయనే తీశాడు. కమ్మలు తాకట్టు పెట్టిన చీటీ, నాలుగు అణాలు, అంతే. తర్వాత నాయన నోటుబుక్కు నా చేతికిచ్చి చదవమన్నాడు, ఆయనకి చదువు రాదు. కుడి పేజీలో నేను ఆ ఇంట్లో దిగిన మొదటి నెల నుంచీ నెలనెలా ఒకే వరస, అక్క గుండ్రటి చేతిరాత, ‘చెల్లి భోజనం’. మా వైపు మనిషిని కదా, నా తిండి మొత్తం అక్క పేజీలో పడింది. నేను చదవలేకపోయాను, కానీ నాయన వదల్లేదు, చదివించాడు.

“నా బిడ్డ తినే కూటికి లెక్క గట్టినావా అల్లుడా?” అన్నాడు.

“నేను రాయలేదు మామా, తనే రాసుకునింది. నేను వద్దన్నాను...” అని బావ ఆగిపోయాడు. తల దించుకుని, “లేదు మామా. వద్దని అనలేదు” అన్నాడు.

నాయన కేక వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. “జత ఎద్దుల్లో ఒకటి బక్కదైతే కాడి పక్కకి జరిపి గడతాం, బరువంతా బలమైనదాని మీదికి పోతాది. చదువు లేని నాకు తెలిసిన ముక్క, ఇద్దరు అయ్యోర్లకి తెల్లేదే” అని లేచి చేలోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే డబ్బుల మూట అమ్మ చేతికి ఇచ్చేశాడు. బావ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, మా గడప కూడా తొక్కలేదు.

ఇప్పుడు కాలం చాలా మారింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే గ్రేడు, ఒకే జీతం, ఎవరి బ్యాంకు పుస్తకం వాళ్ళది. మా అమ్మలా అణా కోసం నిలబడాల్సిన గతి ఎవరికీ లేదు, సంతోషమే. లెక్క రాసుకోవడం తప్పని నేను అనను, కానీ ఏడాదికోసారైనా ఎవరి దగ్గర ఎంతుందో ఒకరికొకరు చెప్పుకుని, ఎవరి బలాన్ని బట్టి వాళ్ళు మొయ్యండర్రా అని మా మనవరాలికి చెప్పాను, వినిందో లేదో. వాటాలు వేసే యంత్రాలొచ్చాయి గానీ ఎదుటి మనిషి తిన్నదా లేదా అని ముఖం చూసి పోల్చుకునే అలవాటు మాత్రం అప్పుడూ కొరవే, ఇప్పుడూ కొరవే. ఆ రెండేళ్ళూ నాకు పదిహేను, పదహారేళ్ళు, బాగా ఆకలేసే వయసు. అక్క వంట బాగా చేసేది. నేను ప్రతి పూటా మారు వడ్డించుకునే తిన్నాను.