చీకటక్క పెట్టని సంతకం

"రోజంతా ఎలుకల పెంట ఎత్తి, అదే చేత్తో ముద్ద కలుపుకుంటావు. నీకు అసహ్యం వెయ్యదా వదినా?" అని ఆడపడుచు ఒకసారి మొహం మీదే అడిగేసింది. వెయ్యదంది. పరిశోధనశాలలో జంతువుల గది చూసుకోవడం ఆమెకు పంతొమ్మిదేళ్ల పని. పెంట కడిగితే పోతుంది.

ఆ ఎలుకలకు కేన్సర్ గడ్డలు. కంటికి ఆనని రేణువుల మందు వాటికి సూదితో ఎక్కిస్తారు. వెలుతురు తగిలేదాకా ఆ మందు నిద్రపోతుంది. తగిలిందా, చుట్టూ ఉన్న కండను కాల్చేస్తుంది. గడ్డ మీద మాత్రమే కాంతి వేసి దాన్నే కాల్చాలని ప్రొఫెసరు పథకం. అందుకే సూది పడ్డాక మూడు రోజులు కటిక చీకటి. చీకట్లో చీటీలు కనపడవు గనక ఆమె ప్రతి బోనుకీ తాడు కట్టి, సూది పడిన రోజు ఒక ముడి, తర్వాత రోజుకొకటి వేసేది. నాలుగో ముడి పడ్డాకే దీపం. పరిశోధన కుర్రాళ్లు నవ్వి చీకటక్క అని పేరు పెట్టారు. తర్వాత తామూ ఆ ముడులే తడుముకున్నారు.

ఒకరోజు ప్రొఫెసరు నిధులిచ్చేవాళ్లకు చూపించడానికంటూ వీడియో వాళ్లను తీసుకొచ్చాడు. ఇంకా ఒక్క ముడే పడింది సార్ అని ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. ఐదు నిమిషాలే కదమ్మా అని తోసుకుపోయాడు. భగభగలాడే దీపాల మధ్య నలభై నిమిషాలు మానవాళి గురించి గొంతు వణికిస్తూ మాట్లాడాడు.

మర్నాటికి పద్నాలుగు ఎలుకల చెవులు మాడి ముడుచుకుపోయాయి. తోకలు పట్టుకుంటే తోలు చేతికొచ్చింది. ఆమే ఒక్కొక్కదాన్నీ ఎత్తి సంచిలో వేసింది.

మధ్యాహ్నం గుమాస్తా కాగితం తెచ్చాడు. సిబ్బంది దీపం ఆర్పడం మరిచినందువల్ల ఎలుకలు చనిపోయినవి, అని ఉంది. సంతకం పెట్టకపోతే జీతం ఆగుతుందన్నాడు. ఆమె తిన్నగా ప్రొఫెసరు గదికి వెళ్లింది. ఆయన వాసన సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"దీపాలు ఎవరు వేయించారో మీ వీడియోలోనే ఉంది కద సార్."

"ఆ ముక్క తీయించేశాంలే అమ్మా. ఎంతమంది రోగులు మన మందు కోసం ఎదురుచూస్తున్నారో ఆలోచించు."

ఆమె ఆయన వేళ్ల సందుల్లో నురగ కేసి చూసింది. కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని పక్కకు నెట్టేసింది. ఏమైందని ఆడపడుచు అడిగింది.

"ఇవాళ అసహ్యం వేసిందే," అంది.

ఐదు నెలలైంది. ఆ నెల జీతం, పద్దెనిమిది వేల మూడు వందలు, ఆమెకు ఇంకా రావాలి.