తాజా కలంలో దాక్కున్న నారుమడి

ఈ ఉదయం మా వీధిలో నీళ్ల గొట్టం పగిలిందని మునిసిపల్ ఇంజనీరుగారికి రెండు వాక్యాల మెయిలు పంపితే, కాఫీ తాగేలోపే మనుషులు బయల్దేరారని జవాబు వచ్చింది. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను. దీనికింత సంబరమేమిటని కోడలు నవ్వింది గానీ, నా ఈడువారికి ఆ సంబరం ఏమిటో తెలుస్తుంది.

విజయవాడ వన్ టౌన్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్లో ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేరిన కొత్తలోనే నా ఉత్తరానికి పేరొచ్చింది, అది నా తలకీ ఎక్కింది. ముందు క్షేమసమాచారాలు అడగాలి, ఎదుటివారి గొప్పతనం నాలుగు ముక్కలు చెప్పాలి, అసలు కావలసింది మాత్రం సంతకం పెట్టేశాక, అప్పుడే గుర్తొచ్చినట్టు, కింద తా.క. అని చేర్చాలి. మొహం మీద అడగడం మొరటుతనమని నాన్నగారు నేర్పిన పద్ధతి అది. ఈమెయిళ్లు వచ్చాక కూడా నేను దాన్ని వదల్లేదు.

అప్పుడే హనుమాన్ జంక్షన్ అవతల అక్కావాళ్ల నారుమడి ఎర్రబారింది. కాలవకి నీళ్లొచ్చేశాయి, ఆ ఇంటికి ఆధారమంతా ఆ పంటే. బావగారు దున్నేసి మళ్లీ విత్తనం చల్లుదామంటారు, అలా చేస్తే అదను దాటిపోయి పంటే దక్కదని అక్క భయం. పత్రికలో ఒక వరి శాస్త్రవేత్త మెయిలు చిరునామా చూసి, నెట్ సెంటర్లో కూర్చుని గంటసేపు రాశాను, ముచ్చటపడి ఒక ప్రింటు కూడా తీసి దాచుకున్నాను. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు.

అక్క కొట్టుకి ఫోన్ చేసి, ఏం రాశావో చదవమంది. ఆయన పరిశోధనల ఘనత, మా వంశం సంగతి, ఆ ఏటి వానల తీరు, అన్నీ రాగం తీస్తూ చదువుతున్నాను.

"ఇందాకట్నుంచీ చదువుతున్నావు, నారు మాటే రాలేదేంట్రా?"

"తాజా కలంలో ఉందక్కా."

"ఆయన అందాకా చదివితేగా. నారు ఉంచాలా, దున్నెయ్యాలా? అది పైన రాయి. ఆకుల మీద తుప్పు మచ్చలున్నాయని చెప్పు. రేపటిలోగా చెప్పమను. ఇంకేం రాయకు."

అంతే రాశాను. పెద్దమనిషిని నడిరోడ్డు మీద నిలదీసినట్టనిపించి సిగ్గుతో చచ్చిపోయాను. భోజనం చేసి వచ్చేసరికి జవాబు ఉంది. ఉంచండి, జింకు లోపంలా ఉంది, లీటరు నీటికి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టండి అని. అక్కకి చెబుదామని తోపుడుబళ్లనీ ఆటోలనీ తప్పించుకుంటూ ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తిన ఆ పరుగు ఇప్పటికీ నా కాళ్లకి గుర్తే. వారం తిరిగేసరికి నారు పచ్చబడింది, నాట్లు అదనులోనే పడ్డాయి.

ఆనందం పట్టలేక ఆయనకి నా పాత పద్ధతిలోనే రెండు పేజీలు రాశాను, తా.క. మాత్రం లేకుండా. సాయంత్రానికల్లా అంతకంటే పొడుగు జవాబు వచ్చింది. బావగారిని అడిగినట్టు చెప్పమన్నారు, తనకి వచ్చే మెయిళ్లలో ఏమీ అడగనిది ఇదొక్కటేనని రాశారు.

అక్క పుణ్యమా అని ఇప్పుడు నేనేం రాసినా వెంటనే జవాబొస్తుంది. ఏమీ అడగకుండా ఎవరికైనా చివరిసారి ఎప్పుడు రాశానో మాత్రం, పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నా గుర్తు రావడం లేదు.