పదిహేను లక్షణాలు, ఒక గోంగూర మొక్క

మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో మామూలుగా పార్కింగ్ మీద యుద్ధాలు, లిఫ్ట్ మీద విలాపాలు నడుస్తుంటాయి. ఒక ఆదివారం పొద్దున మాత్రం ‘మీ పిల్లలు గంజాయి తాగుతున్నారా? తెలుసుకునేందుకు పదిహేను లక్షణాలు’ అని మెసేజ్ వచ్చింది. అందరూ వరసగా దండాలు పెట్టారు. ‘మన టవర్లలో అలాంటి పిల్లలు లేరండీ’ అని ఒకాయన సర్టిఫికెట్ ఇచ్చేశాడు. సాయంత్రానికల్లా అసోసియేషన్ వాళ్లు సమావేశమై, గేటు దగ్గర డెలివరీ వాళ్ల సంచులూ, పనివాళ్ల టిఫిన్ డబ్బాలూ తనిఖీ చేయాలని తీర్మానించారు. మన పిల్లల సంచుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎదుటివాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఇరవై ఏళ్లుగా నా కూడు. అలాంటి నా చేతికి పదిహేను లక్షణాల జాబితా దొరికితే ఊరుకుంటానా? మా అబ్బాయి మీద ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. వాడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. కళ్లు ఎర్రబడటం: ఉంది. వేళకాని వేళ ఆకలి: ఉంది. గది తలుపు వేసుకోవడం: ఉంది. మతిమరుపు, చిరాకు, చదువు మీద శ్రద్ధ తగ్గడం: ఉంది, ఉంది, ఉంది. ఆ లెక్కన మా ఆఫీసులో సగం అంతస్తును పోలీసులకు అప్పజెప్పాలి. ఆ ఆలోచన మాత్రం అప్పుడు రాలేదు.

మా ఆయనదీ ఇదే ఉద్యోగం, వేరే కంపెనీ. రోజూ అబ్బాయి కోచింగ్‌కి వెళ్లగానే ఇద్దరం బాల్కనీలో నిలబడి పదిహేను నిమిషాలు సమీక్ష జరిపేవాళ్లం. నిన్న ఏం గమనించాం, ఇవాళ ఏం గమనించాలి, అడ్డంకులేమిటి. వాడి సంచి వెతికే బాధ్యత నాది, చొక్కాలు వాసన చూసే బాధ్యత ఆయనది. “సెంటు ఎక్కువ కొట్టాడు, అనుమానించాల్సిందే” అని ఆయన ఒకరోజు గంభీరంగా నివేదించాడు. “వాణ్నే అడిగితే?” అన్నాను. “ఆధారం లేకుండా ఎలా అడుగుతాం?” అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

తొమ్మిదో రోజున ఆధారం దొరికింది. అదే బాల్కనీలో, వాషింగ్ మెషీన్ వెనక, ఎండ తగిలే మూల, పాత పెయింట్ డబ్బాలో ఒక మొక్క. నిటారైన కాడ, చేతివేళ్లలా చీలిన ఆకులు, అంచుల్లో సన్నని రంపపు పళ్లు. ఫోన్‌లో గంజాయి ఆకు బొమ్మ తీసి పక్కన పెట్టి చూశాను. అచ్చం అదే. ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫొటో పంపితే ‘ముట్టుకోకు’ అని ఒకటి, ‘పీకెయ్’ అని ఇంకొకటి, ‘ఆ ఫొటో డిలీట్ చెయ్’ అని మూడోది, వరసగా మెసేజ్‌లు వచ్చాయి.

వేళ్లతో సహా పీకాను. నల్ల కవర్లో చుట్టి లాప్‌టాప్ బ్యాగులో కుక్కాను. మా చెత్తబుట్టలో వేస్తే ఎవరిదో తెలిసిపోతుందని, ఆఫీసుకు పోయే దారిలో ఎక్కడైనా పారేద్దామని నా పథకం. బోరబండ నుంచి వచ్చే మా పనామె అప్పుడే లోపలికొచ్చింది. జిప్పులోంచి బయటికొచ్చిన ఆకును చూసి ఆగిపోయింది.

“పుంటికూర ఎందుకు పెరికిన్రు మేడమ్? ఇంకో వారం ఆగితే పచ్చడికొచ్చు గదా.”

“ఏం కూర?”

“పుంటికూర. మీరు గోంగూర అంటరు. ‘మా అమ్మకు ఇష్టం’ అని బాబు అడిగితే నేనే ఇత్తులు తెచ్చిచ్చిన.”

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. ఆరో తరగతి నుంచీ హాస్టళ్లలోనే పెరిగాను. గోంగూర నాకు సీసాలో పచ్చడిగానో, యాప్‌లో ఆర్డరిస్తే వచ్చే తుంచిన ఆకుల ప్యాకెట్‌గానో తెలుసు. మట్టిలో నిలబడ్డ గోంగూరను ఎన్నడూ పరీక్షగా చూసిన పాపాన పోలేదు. మా పుట్టింటివాళ్లకు తెలిస్తే నన్ను వెలేస్తారు.

దాచేదేముందని మొత్తం చెప్పేశాను. ఆమె నవ్వలేదు. “గంత పరేషాన్ ఎందుకు మేడమ్? జర పిలగాన్నే అడగకపోయిన్రా, ఇంట్లనే ఉంటడు గదా” అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

అది గోంగూరని మెసేజ్ పెడితే మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వు బొమ్మలు నాలుగు పంపి, ఇక ఆ షీట్ మూసెయ్యమన్నాడు. మూసెయ్యబోయాను. కానీ తప్పని తేలింది మొక్క ఒక్కటే, మిగతా గళ్లన్నిట్లో ‘ఉంది’ అనే ఉంది. అలా మూసేసే జూనియర్లను నేను నిలబెట్టి కడిగేస్తాను. ఆ రోజు ఆఫీసుకు పోలేదు.

సాయంత్రం అబ్బాయి రాగానే నీళ్ల మగ్గుతో బాల్కనీలోకి వెళ్లాడు. ఖాళీ డబ్బా చూసి అక్కడే నిలబడిపోయాడు. “గంజాయనుకుని నేనే పీకాను” అని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గేసింది. అయినా అడిగాను, “నువ్వెప్పుడైనా తాగావా?”

“రెండుసార్లు” అన్నాడు, మగ్గు వైపు చూస్తూ. “కోచింగ్ వెనక సందులో. తర్వాత వెళ్లలేదు. వాళ్లు రోజూ రమ్మంటున్నారు. రానంటే అందరి ముందూ ఏడిపిస్తున్నారు. నాకు భయంగా ఉందమ్మా.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“చెబుదామనే నీ గది దాకా మూడుసార్లు వచ్చాను. నువ్వు కాల్‌లో ఉన్నావు. అయిదు నిమిషాలని చెయ్యి చూపించావు.”

నిజమే, గుర్తుంది. తలుపు దగ్గర ఎవరో నిలబడితే తెర మీంచి చూపు తిప్పకుండానే అయిదు వేళ్లూ ఎత్తాను. మూడుసార్లూ అంతే. వచ్చి తలుపు దగ్గర నిలబడటమన్నది ఆ పదిహేను లక్షణాల్లో లేదు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

వాణ్ని నా గదిలోకి తీసుకెళ్లి, మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. “మొదట్నుంచీ చెప్పు” అన్నాను. వాడు బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్ వైపు చూశాడు.

“ఇప్పుడు నీకు కాల్ లేదా?”

ఉంది. లేదన్నాను.