భుజం మార్చుకోని కావడి

వాక్కుకు అధిదేవత అయిన తల్లికి నమస్కరించి, ఈ నాలుగు మాటల్లో అబద్ధం దొర్లనీయవద్దని వేడుకొని మొదలుపెడుతున్నాను.

నా చిన్నప్పుడు, అక్షయ నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ తదియ నాడు, మా తాతయ్య నన్ను వెంటబెట్టుకొని అనంతగిరి కనుమ మీదుగా అరకు సంతకు బయలుదేరారు. ఆయన మైదానం నుంచి వచ్చి కొండమీద ఉప్పు, బట్టలు అమ్ముకొనే వర్తకుడు. సాయంకాలాలు నాకు పద్యాలు వల్లెవేయించే పండితుడు కూడా. ఉప్పుబుట్టల కావడి మోస్తున్నది ఆ కొండలలోనే సేద్యం చేసుకొనే ఒక నడివయసు మనిషి. కుడి భుజం నొచ్చగానే అతను నడక ఆపకుండానే కావడిబద్దను మెడ వెనుకగా జార్చి ఎడమ భుజానికి మార్చుకొనేవాడు. ఆ ఒడుపు చూడడం నాకు ఎంతో వేడుక.

అప్పుడే వాన వెలిసింది. దారిలోని రాళ్లన్నీ పాచిపట్టి ఉన్నాయి.

"బేగి నడవరా, సంత సెదిరిపోతాది" అని తాతయ్య తొందరపెట్టారు.

"రాయి నా మాట యినదు బాబూ, మీ మాటా యినదు" అని నవ్వాడతను. అయినా అడుగు పెంచాడు. భుజం మార్చుకోబోతున్న క్షణంలోనే కాలు జారి, కుడి భుజం నేలకు తగిలేలా పడ్డాడు.

చెయ్యి వేలాడిపోయింది. తాతయ్య దాన్ని కీలు తప్పడమే అనుకున్నారు. మైదానంలో ఎవరో అలా సరిచేయగా చూశారట. తన పాదాన్ని అతని చంకలో ఆనించి, మణికట్టు పట్టుకొని ఒక్క లాగు లాగారు. లోపల ఎండుపుల్ల విరిగినట్లు చప్పుడైంది. అతను కేక వేయలేదు. ముఖం మాత్రం బూడిదవన్నెకు తిరిగింది. తాతయ్య ఆ చెయ్యి వదిలి, తన అరచేతుల వంక తానే చూసుకుంటూ ఉండిపోయారు.

ఉప్పుబుట్టలు అక్కడే వదిలి, కావడిబద్ద నేను పట్టుకోగా, ఎలాగో నడిపించుకొంటూ అతన్ని వాళ్ల గూడెం చేర్చాం. ఎముకలు కట్టే ముసలమ్మ వచ్చింది. జనం మూగారు.

"ఎలగ పడినావు? ఎవులైనా లాగినారా?" అని అడిగిందామె.

"ఎవులూ ముట్టుకోనేదు. నానే జారిపడిపోనాను" అన్నాడతను, తాతయ్య వైపు చూడకుండా.



"అయితే కీలు తప్పుంటాది. లాగి కూకోబెట్టాల" అంటూ ముసలమ్మ మణికట్టు అందుకుంది. అతను పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. తాతయ్య పరువు నిలపడం కోసం ఆ మనిషి రెండోసారి కూడా ఆ బాధకు సిద్ధపడ్డాడని ఆయనకు అప్పుడు అర్థమైంది కాబోలు.

"ఆగు అప్పా! నానే లాగీసినాను. లోపల ఏటో ఇరిగినట్టు సప్పుడైంది" అని తాతయ్య ముసలమ్మను వారించారు.

ముసలమ్మ చెయ్యి వదిలేసింది. మెడ దగ్గర నుంచి భుజం కొన వరకు వేళ్లతో మెల్లగా తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"తప్పింది కాదు, ఇరిగింది. మల్లీ లాగుంటే రెక్క పోయేది" అని, తాతయ్య వైపు తిరిగింది. "ఉప్పు తూసే సేతులు నీయి సావుకారూ! మా రెక్కలతో నీకేటి పని?"

తాతయ్య తల వంచుకొని విన్నారు. ముసలమ్మ అతని చంకలో గుడ్డ ఉండ పెట్టి, మోచేయి మడిచి, చేతిని ఛాతీకి చేర్చి కట్టింది. ఎముక అతికేదాకా బరువెత్తరాదంది.

"మరి ఊట నీల్లు ఎవులు తెత్తారు? సేలో సోల్లు ఎవులు కోత్తారు?" అని అతని భార్య గోడకు చేరగిలబడింది.

తాతయ్య కావడిబద్ద తీసుకొని, రెండు కుండలు తగిలించుకొని ఊటకు దిగారు. తిరిగి వస్తుంటే గూడెం పిల్లలు పకపకా నవ్వారు: "సావుకారు సగం నీల్లు దారికే తాగించేత్తన్నాడు!" సంత మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కట్టు విప్పేవరకు మేం ఆ గూడెంలోనే ఉన్నాం. ఒరిసిపోయిన ఆయన భుజానికి నేను నూనె రాయబోతే, వద్దని పక్కకు జరిగేవారు.

ఆ తరువాత వైద్యం నేర్చి నేనెందరు రోగుల పడకల పక్కన కూర్చున్నానో లెక్కలేదు. ఎక్కడ నొప్పి అని వారిని అడగడానికి ముందే, అందులో నా చేతి తప్పు ఎంతవరకు ఉందో చెప్పివేయడం నాకు ఆనాడు అబ్బిన అలవాటు.

అదే సంవత్సరం మాఘ బహుళ విదియ నాడు అతను మళ్లీ కావడి ఎత్తుకున్నాడు, ఎడమ భుజానికి. కుడి భుజం ఇక బద్దను ఓర్వలేదు. అతను భుజం మార్చుకోవలసిన ప్రతిచోటా తాతయ్య "దించు నాయనా" అని, ముందుగా తానే దారిపక్కన కూర్చొనేవారు.