అన్న ల్యాప్‌టాప్‌లోంచి తీసిన డ్రైవ్

దినాలకు ముందురోజు అవ్వ మా అన్న వస్తువులన్నీ అరుగు మీద పెట్టించింది. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. చొక్కాలు, దుప్పటి, చెప్పులు, చివరికి దువ్వెన కూడా. పోయినవాళ్ల వస్తువు ఇంట్లో ఉంటే ఆ మనిషి గడప దాటి పోలేడని మా ఇళ్లలో నమ్ముతారు. వాటి పక్కనే ల్యాప్‌టాప్.

"గా ల్యాప్‌టాప్ గూడనా అవ్వా?"

"గదే ముందుగాల. ఎప్పుడు సూడు దాని ముందే కూసుండేటోడు."

అందులో పోయిన బతుకమ్మ నాటి వీడియో ఉందని నాకు తెలుసు. అవ్వ చప్పట్లు కొడుతూ పాడుతుంటే అన్న ఫోను పట్టుకుని వెనక నుంచి వెక్కిరిస్తుంటాడు. మనిషి కనిపించడు, గొంతు వినిపిస్తుంది. హుజూరాబాద్ రోడ్డు మీద లారీ అన్న బండిని గుద్దినప్పుడు ఫోను కూడా నుజ్జయింది. ఇక ఆ గొంతు ఈ ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు.

ఇంటి నిండా చుట్టాలు. నలుగురిలో నోరు తెరవడం నాకు ఎప్పుడూ కష్టమే. ల్యాప్‌టాప్‌ను చున్నీ చాటున దాచుకుని వెనక సాంచెల షెడ్డులోకి పోయాను. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. కళ్లద్దాల మరలు బిగించే స్క్రూడ్రైవర్‌తో అడుగు విప్పాను. వేలెడంత పలక, అదే డ్రైవ్. అన్న కొత్తది తెచ్చి నా ముందే బిగించాడు కాబట్టి ఎక్కడుందో తెలుసు. దాన్ని తీసి డైరీలో పెట్టుకుని, ఖాళీ ల్యాప్‌టాప్‌ను మళ్లీ అరుగు మీద పెట్టాను. ఉన్నదంతా ఈ పలకలోనే ఉంటుంది, మిగిలింది ఉత్త డొల్లే అనుకున్నాను. దినాలయ్యాక మామ దాన్ని ఆదిలాబాద్ తీసుకుపోయి, తను పనిచేసే జిన్నింగ్ మిల్లు గుమాస్తాకు ఇచ్చాడు.

చాలా నెలలు ఆ వీడియో చూసే ధైర్యం రాలేదు. వానాకాలంలో ఒకరోజు బియ్యం చెరుగుతూ అవ్వ చేటను ఆపింది.

"వాని మొకం యాదికున్నది బిడ్డ. గొంతే యాదికొస్తలేదు."

అప్పుడు చెప్పాను. అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఏదీ, వినిపియ్యి" అంది.

డ్రైవ్‌ను బయట నుంచి తగిలించుకునే చిన్న కేసు కరీంనగర్‌లో దొరికింది. డ్రైవ్ అందులో బిగించి, నేను వాడుకునే పాత ల్యాప్‌టాప్‌కు వైరుతో కలిపాను. కేసు మీద నీలి లైటు వెలిగింది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని దగ్గరికి జరిగింది.

తెర మీద తాళం బొమ్మ వచ్చింది. పొడుగాటి అంకెల వరుస ఒకటి కొట్టమంది. అన్న పిన్ను కొట్టాను. కాదంది.

కేసు అమ్మిన దుకాణాయన దగ్గరికి పోయాను.

"గీ డ్రైవ్‌కు తాళంచెవి ఆ ల్యాప్‌టాప్ బోర్డులనే ఉంటదమ్మా. అండ్లనే బిగిస్తే దానంతటదే తెరుసుకుంటది. లేకుంటే ఆ అంకెలు మీ అన్న మెయిల్ల ఉండాలె."

మెయిల్ తెరవాలంటే అన్న నంబరుకు కోడ్ వస్తుంది. మిగతా వస్తువులు ఇచ్చేసినప్పుడే బాపు ఆ నంబరునూ బందు చేయించాడు. మామకు ఫోన్ చేశాను.

"గుమాస్తాకు నడ్వలే బిడ్డ. బోర్డు తీసి ఎవనికో అమ్మిండట, ఆడు రాగి కోసం దాన్ని కాల్సి పారేసిండట. ఒక్క మాట జెప్తే నేనే దాసిపెడుదు గద," అన్నాడు.

దుకాణాయనకు ఆ సంగతి చెప్పాను. ఆయన డ్రైవ్‌ను చేతిలో తిప్పి చూశాడు.

"మాల్ మంచిదే. ఫార్మాట్ కొట్టిస్త, ఎన్ని ఫొటోలన్న పెట్టుకోవచ్చు."

"వద్దు."

"వద్దంటే తీస్కపోండ్రి. కని గట్లనే పడేయకుండ్రి. ఏండ్లకేండ్లు కరెంటు తాకకుంటే లోపలున్నది పోతది."

అన్న వస్తువేదీ ఇంట్లో ఉంచనన్న అవ్వ, దాన్ని బీరువాలో తన చీరల మధ్య పెట్టుకుంది.

ఆ ఏడు మేము బతుకమ్మ పేర్చలేదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, బాపు మా అన్న పేరు మీద బియ్యమిచ్చి వచ్చి పడుకున్నాడు. సాయంత్రం వీధిలో బతుకమ్మ పాటలు మొదలయ్యాక అవ్వ బీరువా తీసి డ్రైవ్ తెచ్చింది.

"కరెంటు వెట్టు బిడ్డ."

వైరు కలిపాను. నీలి లైటు వెలిగింది.

"లోపలున్నడా?"

"ఉన్నడు."

"తాళమే అడుగుతున్నదా?"

"అడుగుతున్నది."

"అడుగనియ్యి," అంది అవ్వ, గోడకు ఒరిగి. "జరసేపు గట్లనే ఉండనియ్యి."