అడిగినోళ్ల పుస్తకం

సార్ పోయారన్న సంగతి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు నేను భూపాలపల్లిలో మా ఆఫీసులో కూర్చుని, కొత్తగా చేరినవాళ్ల ఆధార్ నంబర్లూ వేలిముద్రలూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఎదురుగా ఒకాయన బొటనవేలు మెషీన్ మీద ఆనించి నిలబడ్డాడు. "తియ్యాల్నా మేడం?" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

జనగామలో మా డిగ్రీ కాలేజీలో బీకాం వాళ్లకు కంప్యూటర్ పాఠం చెప్పిన మనిషి ఆయన. ఒక సంస్థలోకి మనుషుల వివరాలు ఎలా చేరతాయి, వాటిని ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు, అదీ ఆయన సబ్జెక్టు. నేనీ ఉద్యోగం చేస్తున్నది ఆయన నేర్పిన విద్యతోనే. గురువును తలుచుకునేవాళ్లు ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒకసారి బస్టాండు దగ్గర మాకు మిర్చి బజ్జీలు ఇప్పించారు. పొట్లం విప్పితే అది ఎవరిదో ఆధార్ జిరాక్సు. ఒక ముసలమ్మ ఫొటో, కింద నంబరు, మీద నూనె మరక. మేం కిసకిసా నవ్వాం. సార్ బజ్జీలు మా చేతుల్లో పెట్టి, ఆ కాగితాన్ని మడిచి తెల్లచొక్కా జేబులో పెట్టుకున్నారు. జేబంతా నూనె.

"అన్నా, గిసొంటియి ఇంకెన్ని ఉన్నయ్ నీ తాన?" అని బండాయనను అడిగారు.

"ఓ కట్ట ఉంటది సార్. పాతకాగితాలాయన ఇచ్చిండు."

ఆ కట్టంతా తీసుకుని కాలేజీకి వచ్చి, మా చేత చింపించి, బకెట్ నీళ్లలో నానబెట్టించారు. వేళ్లు నొప్పి పుట్టి మేం గొణుక్కుంటుంటే, "గా అవ్వ సంబురపడి ఇయ్యలే బిడ్డా. మనసొంటి ఆఫీసోళ్లు అడిగిన్రు, ఇచ్చింది. జర ఆమె మొఖం చూసి చింపుండ్రి," అన్నారు.

ల్యాబులో ఆయనకో పొడుగు నోటుబుక్కు ఉండేది. మేం దానికి 'అడిగినోళ్ల పుస్తకం' అని పేరు పెట్టాం. ఏ విద్యార్థి వివరాలు ఎవరు చూడాలన్నా ముందు అందులో రాయాల్సిందే. స్కేలుతో గీసిన నాలుగు గడులు: తారీఖు, అడిగిన మనిషి, ఎందుకు, ఆ పిల్లలకు చెప్పినమా. ఆ నాలుగో గడి చూసి స్టాఫ్‌రూం అంతా నవ్వేది. ప్రిన్సిపాల్ ఒకసారి గయ్యిమన్నారు. "ఏందయ్యా, నా కాలేజీల పిల్లగాని ఫోన్ నంబర్ చూడనీకె నేను సంతకం పెట్టాల్నా?"

"జర పెట్టుండ్రి సార్," అని సార్ పెన్ను మూత తీసి అందించారు. ఆయన పెట్టారు కూడా. మధ్యాహ్నం సార్ మా క్లాసుకొచ్చి ఒకబ్బాయిని బయటికి పిలిచి, "నీ నంబర్ ప్రిన్సిపాల్ సార్ అడిగిండు, హాజరు గురించి. నీకు ఎరుక ఉండాలె," అని చెప్పి వెళ్లారు. వాడు వారం రోజులు కాలరెగరేసి తిరిగాడు.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ల్యాబు చూసుకునే పని నాకు ఇప్పించారు. పాస్‌వర్డు చెవిలో చెప్పి, "నాకు, నీకు. ఇంకెవ్వరికి ఎరుకలేదు," అన్నారు. ఆ రోజుల్లోనే ఒక ప్రైవేటు కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాను. అక్కడి మేనేజర్ నా సర్టిఫికెట్లు పక్కకు నెట్టాడు. "మీ కాలేజీ పిల్లల లిస్టు తెస్తవా? కోర్సుల గురించి ఫోన్ చేసుకుంటం. వచ్చే నెల ఒకటిన జాయినైపో," అన్నాడు.

మా బాపుకు ఒంట్లో బాగాలేదు, ఇల్లు గడవడం లేదు, ఇలాంటివి చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. ఉంటే ఏంటట? తెచ్చిచ్చాను. పేర్లు, నంబర్లు, ఫొటోలు ఉన్న ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేదాకా టేబుల్ మీది ఆ పుస్తకం మీదే చెయ్యి ఆనించుకుని నిలబడ్డాను. అందులో ఒక్క అక్షరం రాయలేదు.

లిస్టు ఆ కంపెనీతో ఆగలేదు, చేతులు మారింది. ఆడపిల్లల ఫోన్లు మోగడం మొదలైంది. చిల్పూర్ నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది, నాకంటే రెండేళ్లు చిన్న, బస్సులో నా పక్కనే కూర్చునేది. ఆ ఫైల్లోని ఆమె ఫొటోనే ఎవడో ఆమెకు పంపి వేధించాడు. వాళ్ల నాయిన కాలేజీకి వచ్చి టేబుల్ గుద్దాడు. "నా బిడ్డ ఫొటో బయటికెట్ల పోయింది సార్? చెప్పుండ్రి!"

సార్ పుస్తకం తీసి, వేలు పెట్టి చివరి వరుస దాకా చూశారు. తలెత్తి నావైపు చూశారు. నేను కీబోర్డు తుడుస్తున్నాను.

"నా తానకెల్లే పోయిందన్నా. తప్పు నాదే," అని ఆ తండ్రికి చేతులు జోడించారు.

ఆ పిల్ల చదువు ఆ రోజుతో బంద్. సార్‌ను ల్యాబు నుంచి తప్పించారు. నేను ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరి, స్వీటు డబ్బా పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాను. ఛీ, ఆ మొహం ఎలా చూపించానో! "మంచిగ చెయ్యి బిడ్డా," అన్నారు.

రిటైరయ్యాక ఆయన మహబూబాబాద్‌లో సొంతింట్లో ఉన్నారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని, చెప్పేద్దామనే. ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, అక్కడితో ఆపేసేదాన్ని. "ఇంకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అని ప్రతిసారీ అడిగేవారు. "ఏం లేదు సార్," అనేదాన్ని.

పదకొండో రోజు అయ్యాక అమ్మ, అంటే సార్ భార్య, మమ్మల్ని నలుగురిని పిలిపించారు. "కాగితాలు ఎవ్వరికి అమ్మొద్దన్నడు. చింపి నానబెట్టుమన్నడు. నాతోని అయితలేదు," అన్నారు. పెరట్లో బకెట్లు పెట్టుకుని కూర్చున్నాం. కట్టలు విప్పుతుంటే, ల్యాబు వదిలేటప్పుడు సార్ వెంట తెచ్చుకున్న ఆ పొడుగు పుస్తకం నా చేతికే వచ్చింది.

చివరి వరుస తీశాను. నేను ఫైలు ఎత్తుకుపోయిన రోజు తారీఖు, సార్ చేతిరాతలో. మిగతా మూడు గడులూ ఖాళీ. పెన్‌డ్రైవ్ ఎప్పుడు పెట్టారో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది, అది చూడడం మాకు నేర్పింది ఆయనే. ఆ రోజు ల్యాబులో ఉన్నది నేనొక్కదాన్నే. ఆయనకు మొదటినుంచీ తెలుసు. నా పేరు నేనే రాయాలని అన్నేళ్లూ ఆ గడి అలాగే ఉంచారు.

"గది గూడ చింపు బిడ్డా," అన్నారు అమ్మ. బకెట్ నా మోకాలికి తగులుతోంది. ముంచితే అయిపోయేది. ఒక్క క్షణం పుస్తకం వంచాను కూడా, అబద్ధం చెప్పను.

"ఇది నాకియ్యుండ్రి అమ్మా. దీంట్ల నా పని మిగిలింది."

మహబూబాబాద్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని రెండో గడిలో నా పేరు రాశాను. మూడో గడిలో 'ఉద్యోగం కోసం' అని రాశాను. 'ఆ పిల్లలకు చెప్పినమా' అనే నాలుగో గడి అక్కడ కూర్చుని నింపేది కాదు.

చిల్పూర్‌లో ఆటో దిగేసరికి ఆ పిల్ల వాకిట్లో కుట్టుమిషన్ తొక్కుతోంది. చూడగానే గుర్తుపట్టింది. "అక్కా! ఎన్నేండ్లాయె! రా, కూసో," అని కొంగుతో కుర్చీ తుడిచింది. నేను కూర్చోలేదు.

"ఏందక్కా గా పుస్తకం?"

తెరిచి ఆమె చేతికిచ్చాను. దారపు పోగు అంటుకున్న వేలితో పై వరుస నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికి వచ్చింది. వేలు నా పేరు దగ్గర ఆగింది. "నీ ఫొటో నా తానకెల్లే పోయింది చెల్లె," అన్నాను.